తోడు: సాంకేతికవృత్తులలో స్త్రీల ప్రత్యేకసంఘములు

జల్‌పల్లిలో ఈ ధర్మనిధిని నెలకొల్పిన ఉపాధ్యాయిని తన పేరు ఈ వేదికపై ఉచ్చరింపరాదని తానే నియమము వ్రాసి పోయినందున, పహాడీ షరీఫ్ గుట్ట చుట్టునుగల వీధులలో పిల్లలు పిలిచినట్లే ఆమెను టీచరమ్మయని స్మరించి, ప్రసంగమున ప్రవేశించుచున్నాను. ఇచటి బాలికలకు గణితము నేర్పి, వారిలో కొందరు మాదాపూరు కార్యాలయములలో ఇంజనీర్లగుట కన్నులార చూచిన ఆమె, తుదిదినములలో నన్నడిగిన ప్రశ్న యొక్కటే: "అంత ఉత్సాహంగా చేరిన పిల్లలు నాలుగైదేళ్లకే ఎందుకమ్మా మానేస్తున్నారు?" ఆనాడు నేను పెండ్లి, ప్రసవము, దూరము, రాత్రిపని అని వరుసగా చెప్పితిని. ఆ సమాధానము అబద్ధము కాదు గాని అసంపూర్ణము. ఆ కొరతను పూరించుటకే ఈ ఉపన్యాసము.

ఒకరి జీవితకథతో మొదలిడెదను. 1919లో మద్రాసున తెలుగింట జన్మించిన అయ్యలసోమయాజుల లలిత పదునెనిమిదవ యేట, చంటిబిడ్డ ఒడిలో నుండగనే భర్తను కోల్పోయెను. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యుడు. ఆయన పైవారిని ఒప్పించి, అంతవరకు పురుషులే చదివిన ఆ కళాశాలలో కూతును చేర్పించెను. 1943లో ఆమె పట్టము పొందినపుడు, ముద్రితపత్రములోని పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకమును చేతితో వ్రాయవలసివచ్చినదని అందరును ముచ్చటగా చెప్పుకొందురు. నా మనస్సున నాటుకొన్న విషయము అది కాదు. ప్రవేశము లభించినది, పాఠములు సాగినవి. ఐనను వసతిగృహమున లలిత ఒంటరియై కుమిలినది గనుక, స్త్రీలకును ప్రవేశము గలదని తండ్రి ప్రకటన చేయింపగా, పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అను ఇరువురు సివిల్ శాఖలో చేరిరి. వారు ఆమెకు పాఠము చెప్పినవారు కారు. వారి శాఖయైనను వేరు. తోడుగా ఉండిరి.

అటుపిమ్మట భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుజ్జనకయంత్రములకు పనిచేసిన లలిత, 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ మహాసభకు స్వంత హోదాలో వెళ్ళినది. మరుసటియేడు లండనులోని స్త్రీ ఇంజనీర్ల సంఘమున పూర్ణసభ్యురాలైనది. రెండు దశాబ్దముల అనుభవముగల నిపుణురాలు, ఎవరి దయకును చేయి చాపనక్కరలేని మనిషి, సముద్రములు దాటి స్త్రీల సంఘమును వెదకికొని ఏల పోయినది? ప్రతిభయున్న ఆడుదానికి వేరు సంఘమెందుకని అడుగువారిని నేను తిరిగి అడుగుచున్న ప్రశ్న ఇదియే.

నా యనుభవమొకటి మనవి చేసెదను. నేను తొలుత పనిచేసిన సాఫ్ట్‌వేర్ సంస్థలో, మా బృందపు పదునలుగురిలో స్త్రీని నేనొక్కతెను. రాత్రి రిలీజు ముగిసిన పిదప మగవారు గేటు బయటి చాయ్ బండివద్ద నిలిచెడివారు. నేను క్యాబు ఎక్కెడిదానను. వారిలో దుర్మార్గులు లేరు. నన్ను వెలివేయవలెనని ఎవరును తలపోయలేదు. కాని ఏ ప్రాజెక్టు మూతపడనున్నది, ఆన్‌సైటుకు ఎవరిని పంపనున్నారు, అప్రైజలులో ఎంత అడిగిన ఎంత ఇత్తురు, ప్రాజెక్టు లేక బెంచిమీద పడకుండుటకు ఏ మేనేజరును ముందుగా పలుకరింపవలెను అను విద్య యంతయు ఆ బండివద్దనే చేతులు మారెడిది. నాతోపాటు చేరినవారికంటె నా జీతము తక్కువని నాకు ఆరేండ్లకు గాని తెలియలేదు. తెలిసినదియైనను, వేర్వేరు సంస్థల స్త్రీలు నెలకొకసారి కూడుకొను ఒక చిన్నగదిలో, ఒక అక్క కాగితముపై లెక్క వేసి చూపినపుడే. పురుషులకు ప్రత్యేకసంఘము లేదనుట భ్రాంతి. దానికి నామఫలకము లేదు.

1987లో అమెరికాలో అనితా బోర్గ్, ఆపరేటింగ్ సిస్టములపై జరిగిన సదస్సున తారసపడిన కొలదిమంది స్త్రీలతో సిస్టర్స్ అను సంఘమును ఆరంభించిన నాటినుండి, పురుషులను రానీయకుండుట వివక్ష కాదా యను ఆక్షేపణ వినవచ్చుచునేయున్నది. జల్‌పల్లిలో ఆ ఆక్షేపణకు పదునెక్కువ. హైదరాబాదు నగరపు ఈ దక్షిణపుటంచున, ఇంటిలో ఆడవారిని మగవారిని గోడతో వేరుచేసిన జనానా, మర్దానా అను మాటలకు అర్థము ఎవరికిని చెప్పనక్కరలేదు. "ఆ గోడ దాటడానికి మూడు తరాలు పట్టింది, మళ్లీ మీరే కడతారా?" అని ఇక్కడి పెద్దాయన యొకరు నన్నడిగినపుడు నాకు వెంటనే మాట తోచలేదు. ఆయన ఆవేదన యథార్థము. కాని ఆలోచింపగా, జనానాలోనివారు ఎవరిని చూడవలెనో, ఎపుడు వెలుపలికి పోవలెనో ఇతరులు నిర్ణయించిరి. ఈ సంఘములోనివారు తమంత తాము వచ్చి, గంట గడవగానే లేచి, మగవారితో కలిసి పనిచేయు బల్లవద్దకే మరలుదురు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినపుడు, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన స్త్రీల సభయు వేరుగా జరిగినది. దానిచేత ఉద్యమము చీలిపోలేదు. పనిచోట లైంగికవేధింపులపై 2013లో వచ్చిన చట్టము సైతము, విచారణసంఘమునకు స్త్రీయే అధ్యక్షురాలు కావలెననియు, సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెననియు విధించినది.

"నేను ఇంజనీరును, ఆడ ఇంజనీరును కాను" అని దూరముగ నుండు స్త్రీలును కలరు. వారి మాటను గౌరవింపవలెను. ఎవరినైనను బలవంతముగ చేర్చుట తప్పు.

నాకు నిజముగ బాధ కలిగించునది వేరు. మార్చి 8వ తేదీన ముగ్గులు, కేకు, సామూహిక ఛాయాచిత్రము. తరువాత సంవత్సరమంతయు మౌనము. ఆ ఏర్పాట్లన్నియు స్త్రీలే తమ పనికి అదనముగ చేయుదురు, అప్రైజలులో వానికి ఒక్క గుర్తును పడదు. సమానవేతనము, పదోన్నతి, ప్రసవానంతరపు పునఃప్రవేశము యాజమాన్యపు విధులు. వానిని సంఘమునకు అప్పగించి చేతులు దులుపుకొనుట అన్యాయము. ఉద్యోగప్రకటన స్త్రీల గదిలో మాత్రమే తిరుగుటయు నాకు సమ్మతము కాదు. చాయ్ బండివద్ద తప్పైనది ఇచట ఒప్పు కానేరదు. గదిలో జరుగవలసినది ఆలోచన, ధైర్యము, లెక్క చూపుట.

ఇక మన ఊరి సంగతి. 2017 నవంబరు 28న హైదరాబాదున రెండు ప్రారంభోత్సవములు జరిగినవి: ఒకటి మెట్రో రైలు, రెండవది స్త్రీలకే అగ్రస్థానమను నినాదముతో సమావేశమైన ప్రపంచ పారిశ్రామికోత్సాహుల సదస్సు. ఆ సదస్సు ప్రేరణతో 2018 మార్చి 8న స్త్రీ పారిశ్రామికులకై వీ హబ్ వెలసినది. దానిని నేను మనసార హర్షించుచున్నాను. కాని మెట్రో జల్‌పల్లికి రాలేదు. స్త్రీల సంఘములు నగరపు పడమటిదిక్కున, సాయంకాలము ఏడుగంటలకు కూడుకొనును. ఆ వేళకు ఇచటి పిల్ల చాంద్రాయణగుట్ట దాటి ఇల్లు చేరవలెనని ఆరాటపడుచుండును. తోడు అవసరమున్నవారిలో మొదటిదానికే తోడు దూరమైనది.

కావున ధర్మనిధి పాలకులకు నా విన్నపము: నెలకొక ఆదివారము ఉదయమున మనము కూర్చున్న ఈ గది తాళము మన పిల్లల చేతికిండు. మాదాపూరునుండి వచ్చు అక్కలకు బండికిరాయి నిధి వడ్డీలోనుండి చెల్లింపుడు. మొదటి ఆదివారమునకు నేను వచ్చెదను. కాగితము, కలము తెచ్చెదను.