తంజావూరు తాటాకుల ప్రదర్శన

తంజావూరు కోటలోని సరస్వతీ మహల్ గ్రంథాలయం నాయక రాజుల నాడు మొదలైంది. మరాఠా రాజు రెండో శరభోజి దాన్ని పెంచి పెద్దచేశాడు. 1918లో ప్రజలకు తలుపులు తెరిచారు. ఉన్నది తమిళనాట అయినా, అక్కడ తెలుగు తాటాకు ప్రతులకు కొదవ లేదు. ప్రదర్శనశాలలో అద్దాల వెనక పాత ఆకులు కనిపిస్తాయి: గంటంతో గీసి మసి పూసిన అక్షరాలు, తాడు దూర్చిన కన్నం. పురుగు పట్టకుండా వస, లవంగం, మిరియం, దాల్చినచెక్క, కర్పూరం దంచి గుడ్డలో మూటగట్టి ప్రతుల పక్కన పెట్టడం అక్కడి పాత పద్ధతి. పోపులపెట్టెకు పుస్తకాల గదిలోనూ పని ఉందన్నమాట. ఇలాంటి గ్రంథాలయాలను తలచుకునే రోజులూ ఉన్నాయి: ఏటా ఆగస్టు 12న గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ జయంతి. నవంబరు 14 నుంచి 20 వరకు దేశమంతటా గ్రంథాలయ వారోత్సవాలు, వాటితోపాటు ఊరూరా పుస్తక ప్రదర్శనలు.