నాట్యము నేర్చిన నటి: వహీదా రెహమాన్

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు మమ్ము పిలిచి నాట్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరినపుడు కొంత జంకితిమి. పిల్లలకు అడవులు నేర్పుట మాకు చేతనగును గాని పెద్దల యెదుట నిలిచి ఉపన్యసించుట అలవాటు లేదు. అయినను ఒప్పుకొంటిమి. ఒప్పుకొనుటకు కారణము కలదు. దానిని దాచక మొదటనే మనవి చేసెదము.

మన పాఠశాలలో నాలుగవ తరగతిలో నాట్యము నేర్చుకొను బాలికలు ఇరువదిమందికి తక్కువ కారు. ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి ముగ్గురో నలుగురో మిగులుదురు. చదువు బరువైనదని కొందఱు మాన్పించుదురు. అది మేము కాదనలేము. కాని ఎక్కువమంది తల్లులు గుమ్మమువద్ద మాతో మెల్లగా చెప్పు మాట వేఱు. "పిల్ల పెద్దదయింది టీచరుగారూ, ఇంక నలుగురిలో ఎగిరితే బాగుండదు. రేపు సంబంధాలు చూడాల గదా!" గత సంవత్సరము ఒక తల్లి యిట్లు చెప్పినపుడు మేము తలయూపి ఊరకుంటిమి. ఆ పిల్ల గజ్జెలు ఈనాటికిని మా గదిలో కొయ్యకు వ్రేలాడుచున్నవి. ఆనాడు ఈయవలసిన సమాధానము ఆనాడు ఈయలేకపోతిమి. ఈనాడు ఒకరి కథ చెప్పి ఆ లోపమును కొంత పూరించుకొనవలెనని మా యుద్దేశము.

ఆ యొకరు వహీదా రెహమాన్ గారు. హిందీ చిత్రములు చూచిన వారికి ఆమెను పరిచయము చేయనక్కఱలేదు. మన బెంగుళూరువారికి ఆమె మఱింత దగ్గఱ. 1974లో వివాహమైన పిదప చాలకాలము ఈ నగరపు పొలిమేరలోని తోటలోనే ఆమె సంసారము సాగినది.

ఆమె 1938 ఫిబ్రవరి 3వ తేదీన చెంగల్పట్టులో జన్మించిరి. హైదరాబాదులో పుట్టిరని చాలకాలము పత్రికలు వ్రాయుచు వచ్చినవి. మన తెలుగువారికి ఆ మాట ముద్దుగానే తోచియుండును గాని, ఆమెయే ఆ పొరపాటును దిద్దవలసివచ్చినది. తండ్రి మదరాసు ప్రభుత్వములో అధికారి. నలుగురు కూతుళ్ళలో ఈమె కడపటిది. ఇంటిలో ఉర్దూ, వీధిలో తమిళము, తండ్రికి బదిలీ యగుటచే విశాఖపట్టణములో తెలుగు. ఇంట నొక భాష, బయట నొక భాష, బడిలో నింకొక భాష యన్నది మన పిల్లలకు వింతగాదు గదా!

వహీదాకును ఆమె అక్కకును భరతనాట్యము నేర్చుకొనవలెనని కోరిక పుట్టినది. మదరాసులో తిరుచెందూరు మీనాక్షిసుందరం పిళ్ళెగారను వృద్ధ గురువు నాశ్రయించిరి. ముస్లిము బాలికకు నేర్పుటకు ఆయన మొదట సమ్మతింపలేదు. ఎంతకును వదలకపోగా జాతకము తెమ్మనిరి. వారి యిండ్లలో జాతకములు వ్రాయించు ఆచారము లేదు. పుట్టిన తేదీ అడిగి, తామే జాతకము వేసి చూచుకొని, ఈ పిల్ల తమకు కడపటి శిష్యురాలు కాగలదని సంతోషించి పాఠము మొదలుపెట్టిరట. ఈ వృత్తాంతము ఆమె స్వయముగా చెప్పినదే. జాతకముమీద ఎవరి నమ్మకము వారిది. మాకు మాత్రము ఆ వృద్ధుడు పిల్లను చేర్చుకొనుటకు తన మనస్సునకు తానే ఒక దారి వెదకుకొనెనని తోచును.

రాజగోపాలాచారిగారు గవర్నరు జనరలుగా విశాఖపట్టణము వచ్చినపుడు స్థానికులచేతనే వినోద కార్యక్రమము ఏర్పాటు చేయవలసి వచ్చినది. తండ్రి తన కూతుళ్ళను వేదిక నెక్కించిరి. బంధువులలో కొందఱు నొచ్చుకొనిరి. ఏ కళయు తనంతట చెడ్డది కాదనియు, మంచిచెడ్డలు మనుష్యుని నడవడిలో నుండుననియు ఆ తండ్రి తలంపు. ఒక తండ్రి ఆనాడు బంధువుల మాటకు వెఱచియుండినచో, నేడు మేము చెప్పుటకు ఈ కథయే లేదు.

బంధువుల నొప్పికిని, మన తల్లుల సంకోచమునకును వేళ్ళు ఒకచోటనే యున్నవి. దేవాలయములలో నాట్యమాడిన స్త్రీలను లోకము ఒకవైపు మెచ్చుకొనుచు, మఱియొకవైపు వెలివేసినది. దేవదాసీల సమర్పణము మైసూరు సంస్థానమున 1909లోను, మదరాసు రాష్ట్రమున 1947లోను నిషేధింపబడినది. ఆచారము పోయినది గాని, ఆడుట యనగానే కనుబొమలు ముడిపడుట పోలేదు. మన కూచిపూడిలో సత్యభామ వేషమును సైతము పురుషులే కట్టుచుండిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మదరాసున అకాడమీ స్థాపించి బాలికలకు నేర్పుటచేతనే కూచిపూడి మన యాడపిల్లలకు ఈ మాత్రము చేరువైనది. కావున తల్లులు సంకోచించుటలో వింత లేదు. వారిని మేము తప్పుపట్టుట లేదు.

వహీదా పదుమూడు పదునాలుగేండ్ల వయస్సులో నుండగా తండ్రి గతించిరి. తల్లి అనారోగ్యము. వైద్యురాలు కావలెనన్న కోరిక అచ్చటితో ఆగినది. ఆ యిక్కట్టు దినములలో ఎఱిగిన నిర్మాత యొకరు నాట్యమునకు పిలిచిరి. ఆ చిత్రము 1955లో తాపీ చాణక్యగారి దర్శకత్వమున వెలువడిన "రోజులు మారాయి". కొసరాజుగారు వ్రాయగా జిక్కిగారు పాడిన ఏరువాక పాటకు ఈమె ఆడిరి. పాట యున్న నిమిషములే ఆమె పాత్ర. అయినను ఊరూర జనము ఆ పిల్ల కొఱకే మరల మరల చిత్రము చూచిరి. ఆ యేడే "జయసింహ"లో రాజకుమారి వేషము దొరికినది. నేర్చినది భరతనాట్యము, ఆడినది రైతుల పాట! గురువుగారు చూచియుండినచో ఏమనియుందురో! కాని అరమండిలో నిలిచి గట్టిపడిన కాలికి పొలములోని అడుగు కష్టము కాదు.

హైదరాబాదునకు వచ్చిన గురుదత్తుగారు, జనము చుట్టుముట్టిన కారులో నున్న ఈ పిల్లను గూర్చి విచారించి బొంబాయికి పిలిపించిరి. ఇచ్చట జరిగిన సంగతి తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలెను. ఒడంబడిక వ్రాయునపుడు, వహీదా రెహమాన్ అను పేరు పొడవైనదనియు, తెరకు వేఱొక పేరు కావలెననియు వారు పట్టుపట్టిరి. దిలీప్ కుమార్, మధుబాల, మీనాకుమారి — అందఱును పేరు మార్చుకొన్నవారే. ఈమె ఒప్పుకొనలేదు, తల్లిదండ్రులు పెట్టిన పేరు చాలుననెను. అంతటితో ఆగక, తనకు నచ్చని దుస్తులు ధరింపనను షరతు కూడ ఒడంబడికలో వ్రాయుమనెను. ఆమెకు అప్పటికి పదునెనిమిదేండ్లు నిండలేదు. తల్లి సంతకము చేయవలసి వచ్చినది. చేతిలో ధనము లేదు, తండ్రి లేడు, ఊరు కొత్త, బేరమాడుటకు బలము లేదు. అయినను ఆ పిల్ల తలవంచలేదు. ఈ ధైర్యము నాట్యమువలననే వచ్చినదని మేము ప్రమాణము చేయలేము. పెంపకము గొప్పది. కాని చిన్ననాటినుండి నలుగురి చూపుల నడుమ నిలువ నేర్చిన బాలికకు, నలుగురు పెద్దలు కూర్చున్న గదిలో "కాదు" అనుట కొంత సులువగునని మా అనుభవము.

1956లో "సి.ఐ.డి.", 1957లో "ప్యాసా" వచ్చినవి. విచిత్రమేమనగా నాట్యముచేత పేరు వచ్చిన ఆమెకు ఆ తొలి గొప్ప చిత్రములలో నాట్యమునకు తావు మిక్కిలి తక్కువ. "ప్యాసా"లో రాత్రివేళ ఆమె పాడుచు నడచును. కవి వెంట నడచును. ఆగుట, వెనుదిరిగి చూచుట, స్తంభము చాటునకు పోవుట — అంతియే. మేము ఆ ఘట్టమును పెద్ద పిల్లలకు పలుమారు చూపితిమి. చేయి పోయిన చోటికి చూపు పోవలెనని మేము మొదటినాడు చెప్పు పాఠము అందులో నున్నది. గజ్జె లేదు, తాళము తట్టు నట్టువనారు లేడు. అయినను మెడ త్రిప్పుట ఒక్క మాత్ర ముందు గాని వెనుక గాని జరుగలేదు. 1959లో వచ్చిన "కాగజ్ కే ఫూల్"లో ఆ మాత్రమును లేదు. వెలుగు కిరణపు పట్టీ యొకటి దిగుచుండగా ఇద్దఱును ఎడముగా నిలుచుందురు. ఆ వెలుగును కూర్చిన వి.కె. మూర్తిగారు మన మైసూరువారే. కదలక నిలుచుట ఎంత కష్టమో మా తరగతిలో ఐదు నిమిషములు కూర్చున్నవారికి తెలియును. పిల్లలు గంతులు త్వరగా నేర్తురు. నిలుచుట మాత్రము మూడేండ్లకు గాని రాదు.

నాట్యమంతయు బయటపడు అవకాశము 1965లో "గైడ్"తో వచ్చినది. మైసూరులో నివసించిన ఆర్.కె. నారాయణ్ గారి నవల దానికి మూలము. రోజీ దేవదాసి కూతురు. గౌరవము కొఱకు ఆమెను పెద్ద చదువరికిచ్చి పెండ్లి చేయుదురు. భర్త గుహలలోని శిల్పములను ఆదరించును గాని భార్య కాలికి గజ్జె కట్టనీయడు. ఇట్టి స్త్రీ పాత్ర ధరించిన పేరు చెడునని వహీదాగారిని పలువురు హెచ్చరించిరి. ఆమె వినలేదు. తన పాత్రలన్నిటిలో అదియే ప్రియమైనదని తరువాత చెప్పిరి. పామువాండ్ర యెదుట రోజీ ఆడు ఘట్టము మొదట సంకోచముగా మొదలగును; భుజము కొంచెము కదలును, చూపు నేలనుండి లేచును, పిదప ఇన్నాళ్ళు అణచియుంచినదంతయు ఒక్కసారి ఒడలినుండి వెడలును. మఱియొకచోట ఆమె బజారులో గజ్జెలు కొని అచ్చటనే కాళ్ళకు కట్టుకొనును. ఆ ఘట్టము చూచినప్పుడెల్ల మాకు మా గదిలోని కొయ్య జ్ఞప్తికి వచ్చును. ఇంతకంటె చెప్పము.

సినిమాకు పిల్లలను పంపుడని మేము చెప్పుచున్నామని ఎవరును అనుకొనవలదు. ఆ లోకము కఠినమైనది. బొంబాయి చేరిన కొలదికాలమునకే ఆమెకు తల్లియు దూరమైనది. ఒక చిత్రమున అమితాబ్ బచ్చన్ గారికి భార్యగా నటించిన ఆమె, రెండేండ్లు తిరుగక మునుపే, 1978లో, వేఱొక చిత్రమున ఆయనకే తల్లిగా నటింపవలసి వచ్చినది. మగవారికి ఈ చిక్కు లేదు! ఆమె నవ్వుకొని వేషము కట్టిరి.

వివాహానంతరము సంసారము, ఇద్దఱు పిల్లల పెంపకము, తోట పని. పూర్తిగ మానలేదు, పిలిచినపుడు, నచ్చినపుడు నటించిరి. తెలుగులో 1974లో "బంగారు కలలు", 1986లో "సింహాసనం" ఆ కాలమువే. 2000లో భర్త గతించిన పిదప బొంబాయికి మరలిపోయి మరల తెరకు వచ్చిరి. 2021వ సంవత్సరమునకు గాను దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము 2023లో అందుకొనునాటికి ఆమెకు ఎనుబదియైదేండ్లు. అందుకొన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే.

గుమ్మమువద్ద మాతో మాట్లాడిన తల్లి ఈ సభలో నున్నారో లేదో మేము వెదకలేదు. ఉన్నయెడల మా మనవి యిది: అమ్మా, మీ పిల్ల నటి కానక్కఱలేదు, నర్తకియు కానక్కఱలేదు. సభలలో ఆడించుట మీకు ఇష్టము లేనిచో ఆడింపము. సాధన మాత్రము మాన్పింపకుడు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలికలకు ఇకమీదట శనివారము ఉదయము ఏడు గంటలకు వేఱుగా సాధన జరుగును. తలుపు తెఱచియే యుండును. తల్లులు, అమ్మమ్మలు, నానమ్మలు వచ్చి చూడవచ్చును. చాప వేసి యుంచెదము. గజ్జెలు కొయ్యకే యున్నవి, తోలుపట్టీ కొంచెము ఎండినది, నూనె రాసి పెట్టితిమి.