నవలల రాణి యద్దనపూడి



మధ్యాహ్నం అన్నాలు అవుతాయి. అంట్లు తోమడం అవుతుంది. పిల్లలు బడికి పోతారు, మగవాళ్లు పనికి పోతారు. మళ్లీ పొయ్యి వెలిగించేదాకా ఒక గంటో అరగంటో మిగులుతుంది. ఆ గంట ఆడవాళ్లది. వెనకటి రోజుల్లో ఆ గంటలో పప్పు ఏరుకునేవాళ్లు, బొంత కుట్టేవాళ్లు, లేదా ఒక కునుకు తీసేవాళ్లు. 1960ల తర్వాత, చదవడం వచ్చిన ఆడవాళ్ల ఇళ్లలో ఆ గంటలోకి నవల వచ్చింది. ఆ నవలల అట్టల మీద చాలాసార్లు కనిపించిన పేరు యద్దనపూడి సులోచనారాణి.

ఆమెది కృష్ణా జిల్లా. మొవ్వ దగ్గర కాజ అనే పల్లెటూరు. ఇరవై ఏళ్లు నిండకముందే ఆమె రాసిన కథ అచ్చయింది. పెళ్లయ్యాక హైదరాబాదులో స్థిరపడ్డారు. ముందు చిన్న కథలే రాశారు. తర్వాత పెద్ద కథకు చెయ్యి తిరిగింది.

1960ల నడుమ జ్యోతి అనే మాసపత్రికలో ఆమె "సెక్రటరీ" నవల వచ్చింది. ఒక్కసారిగా కాదు, నెలకు కొంచెం చొప్పున. దీన్నే సీరియల్ అంటారు. ఈ రోజు టీవీలో వచ్చే సీరియల్ లాంటిదే, కాకపోతే ఇది కాగితం మీద వచ్చేది. కథ మంచి పట్టులో ఉండగా ఆగిపోతుంది. కింద "సశేషం" అని ఉంటుంది. అంటే ఇంకా ఉందని అర్థం. మళ్లీ పత్రిక వచ్చేదాకా ఏమవుతుందో ఏమోనని ఎదురుచూడాల్సిందే. కొందరు ఆ పేజీలు చింపి దాచుకుని, అన్నీ చేరాక దారంతో కుట్టుకునేవాళ్లు. అలా కుట్టిన పుస్తకాలు ఎన్ని ఇళ్లలో పెట్టెల అడుగున ఉండేవో!

ఇంతకీ సెక్రటరీ కథ ఏంటి? జయంతి అనే అమ్మాయి. ఆస్తిపాస్తులు లేవు. ఇల్లు గడవాలంటే ఉద్యోగం చెయ్యాలి. రాజశేఖరం అనే డబ్బున్న మనిషి దగ్గర సెక్రటరీగా చేరుతుంది. సెక్రటరీ అంటే ఆఫీసులో యజమాని ఉత్తరాలూ లెక్కలూ చూసే మనిషి. ఆడపిల్ల ఆఫీసుకు పోతేనే లోకం నాలుగు మాటలు అనే రోజులవి. ఆయన అందగాడు, కారున్నవాడు. ఆమెకు ఆయన మీద మనసుంది. అయినా తలవంచదు. జీతం తీసుకుంటుంది గానీ తన గౌరవం వదులుకోదు. చదివిన ఆడవాళ్లకు నచ్చింది అదే. కారు కూడా నచ్చే ఉంటుంది, కాదనడం దేనికి?

కొనుక్కోవడానికి డబ్బు లేనివాళ్లు ఏం చేశారు? ఊళ్లలో, పట్నాల్లో అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. రోజుకు కొన్ని పైసలు కట్టి నవల తెచ్చుకోవచ్చు. రెండో రోజు ఉంచుకుంటే రెండో రోజు అద్దె. అందుకని రాత్రికి రాత్రి ఒకామె చదివేసేది. తెల్లారి పక్కింటామె చదివేది. ఒక్క అద్దెకు ఇద్దరు, ముగ్గురు చదివేవాళ్లు.

ఆ రోజుల్లో ఒక వింత జరిగింది. ఆడవాళ్ల పేరుతో వచ్చిన నవలలు బాగా అమ్ముడుపోతున్నాయని కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు! ఆడది పేరు చెప్పుకోవడానికే జంకిన కాలం పోయి, ఆమె పేరుకే గిరాకీ వచ్చింది.

సులోచనారాణి నలభైకి పైగా నవలలు రాశారు. అన్నీ పిల్లా పిల్లవాడి ప్రేమ కథలే అనుకుంటే పొరపాటు. "జీవన తరంగాలు" పెద్ద కుటుంబ కథ. "మీనా"లో తల్లి మాటే చట్టంగా పెరిగిన పట్నం పిల్ల పల్లెకు వెళ్లి, అక్కడి చుట్టాల మధ్య కొత్తగా బతకడం నేర్చుకుంటుంది. తర్వాత ఆమె కథలు సినిమాకు ఎక్కాయి. 1972లో "విచిత్ర బంధం", 1973లో "జీవన తరంగాలు", "మీనా", 1976లో "సెక్రటరీ". "మీనా"ను తీసింది కూడా ఆడమనిషే, విజయనిర్మల. రాసిందీ ఆడది, తీసిందీ ఆడది, అప్పట్లో అది చిన్న సంగతి కాదు. ఆ తర్వాత టీవీ వచ్చింది. ఆమె కథలు సీరియళ్లుగానూ వచ్చాయి. చదవడం రానివాళ్లు కూడా అలా ఆమె కథలు విన్నారు, చూశారు. 2016లో "అ ఆ" సినిమా చూసి చాలామంది, ఇది మన మీనాయే కదా అనుకున్నారు.

ఇంత పేరు వచ్చినా తిట్లు తప్పలేదు. పెద్ద పెద్ద విమర్శకులు ఆమె నవలల్ని చిన్నచూపు చూశారు. "అన్నీ కలలే. ఆరడుగుల అందగాడు, మేడ, కారు. నిజం బతుకులో ఇవి ఎక్కడున్నాయి?" అన్నారు. ఇళ్లలో మరో రకం గోల. నవలలు చదివితే ఆడపిల్ల చెడిపోతుందని పెద్దవాళ్ల భయం. చాలామంది బడి పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని దొంగతనంగా చదివారు.

విమర్శకుల మాటలో కొంత నిజం ఉంది. కారున్న రాజశేఖరం వచ్చి మన అప్పు తీర్చడు. కూలి రేటు గురించో, కట్నం గురించో తెలుసుకోవాలంటే వేరే పుస్తకాలు చదవాలి. కానీ వాళ్లు ఒక సంగతి వదిలేశారు. ఉత్తరం చదవడం దాకా వచ్చి ఆగిపోయిన ఆడవాళ్లను ఆ నవలలు మూడు వందల పేజీల దాకా లాక్కుపోయాయి. ఎవరూ బలవంతం చెయ్యలేదు. పరీక్ష లేదు. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆశే లాక్కుపోయింది. చదవగా చదవగా అక్షరం చేతికి లొంగింది. అలా మొదలుపెట్టినవాళ్లలో కొందరు తర్వాత తామే కథలు రాశారు.

2018 మే నెలలో సులోచనారాణి అమెరికాలో కన్నుమూశారు. అప్పుడు పేపర్లలో ఎంతోమంది తమ చిన్ననాటి మధ్యాహ్నాలను తలుచుకున్నారు. కొందరు, అమ్మకు తెలియకుండా చదివామని రాశారు. కొందరు, అమ్మే దాచిపెట్టుకుని చదివేదని రాశారు.

ఆమె నవలలు ఇప్పటికీ దొరుకుతాయి. "సెక్రటరీ" లావు చూసి బెదరొద్దు. అది నెలనెలా ముక్కలుగా వచ్చిన పుస్తకం. మీరూ ముక్కలుగానే చదవండి. రోజుకు రెండు పేజీలు చాలు. వేలు పెట్టుకుని చదివినా తప్పులేదు. ఒత్తులు ఎక్కువున్న మాట వస్తే దాటి ముందుకు పోండి, తర్వాతి లైనులో దాని అర్థం తెలిసిపోతుంది. నలుగురు కూర్చుంటే ఒకామె పైకి చదవండి, మిగతావాళ్లు వినండి. జయంతి చేసింది మీకు నచ్చకపోతే అక్కడే ఆపి పోట్లాడుకోండి.