కంప్యూటరు వాకిట తొలి పలుకు

(వార్షికోత్సవ సభలో తలిదండ్రుల యెదుట చేసిన ప్రసంగము)



 నేడు మేము కంప్యూటరు తెరపై మొదట కనబడు చిన్న వాక్యమును గూర్చి మనవి చేయదలచితిమి.

2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా లాప్‌టాపులు పంచు పథకమును ప్రారంభించినది. తొలుత ఇచ్చినవానిలో విండోసుతోపాటు, చెన్నైలోని సీ-డాక్ సంస్థవారు లినక్సు ఆధారముగా రూపొందించిన బాస్ అను ఆపరేటింగ్ సిస్టమును కూడ ఉంచిరి. తెలుగు మొదలగు భారతీయ భాషలకు అందు చోటున్నది. మేము సంతసించితిమి. కాని చోటున్నంతమాత్రమున బోధపడునా?

మా బడిలో ఒక బాలిక తన సంకేతపదమును మూడుమారులు జాగ్రత్తగా కొట్టినది. యంత్రము మూడుమారులును తప్పన్నది. "నాకు రాలేదు సార్" అని బిడ్డ కన్నీరు పెట్టుకొన్నది. మేము చూడగా, కీబోర్డు తెలుగునకు మారియున్నది. ఇంగ్లీషు అక్షరములనుకొని ఆమె నొక్కినవి లోపల తెలుగు అక్షరములుగా పడినవి. తెరపై చుక్కలే గదా కనబడును! లినక్సు నల్లని తెరపై ఆ చుక్కలును పడవు. క్రొత్తవారు మీటలే చెడినవనుకొందురు.

పేరు తప్పో, సంకేతపదము తప్పో యంత్రము విడదీసి చెప్పదు. దొంగకు ఆచూకీ దొరకకుండుటకై అట్లు చేయుదురు, అది న్యాయమే. అయినను, "కీబోర్డు ఏ భాషలో ఉన్నదో, క్యాప్స్ లాక్ వెలుగుచున్నదో చూచి మరల కొట్టుము" అని చెప్పినచో దొంగకు లాభమేమి? బిడ్డకు మాత్రము దారి దొరకును.

కావున మేము పిల్లలచేతనే ఒక సహాయపత్రము వ్రాయించితిమి. ఏమి జరిగినది, ఏమి చేయవలెను, అప్పటికిని కానిచో ఎవరినడుగవలెను — ఈ మూడును అందుండవలెనని చెప్పితిమి. "ప్రమాణీకరణ విఫలమైనది" అను వాక్యమును వారు కొట్టివేసి, "లోపలికి పోలేదు, మళ్ళీ చూడు" అని వ్రాసిరి. మేము దిద్దలేదు.

ఇక మీ సహాయము కావలెను. మీలో పలువురు ఇంట తెలుగు మాటలాడుదురు గాని వ్రాత తమిళమున నేర్చినవారు. లిపి రాదని సంకోచింపవలదు. ఆ పత్రమును బిడ్డచేత బిగ్గరగా చదివించుకొనుడు. చెవికి బోధపడని మాట వచ్చినచో దానిక్రింద గీత గీయించి మాకు పంపుడు. మీకు తెలియని మాట మొదటి తరగతి బిడ్డకును తెలియదు. అట్టి మాటలన్నింటిని మార్చి, దిద్దిన పత్రమును కంప్యూటరు గది తలుపునకు అంటింతుము.

తడబడిన బిడ్డకు ఇంటి భాషలో ఒక మాట తోడుండవలెనని మా కోరిక. సెలవు.