సెల్‌ఫోనులోని గుమాస్తాలు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2020లో కరోనా సోకి మా శ్రీమతి ఆసుపత్రిలో ఉన్నప్పుడు లోపలికి ఎవరినీ రానివ్వలేదు. పదకొండు రోజులు ఆమె ముఖం సెల్‌ఫోనులోనే చూశాను. ఒక సాయంత్రం బొమ్మ ముక్కలై ఆగిపోతే నా ప్రాణం పోయినంత పనైంది. దేవుడి దయవల్ల ఆమె కోలుకొని, ఇప్పుడు మీ మధ్యనే కూర్చున్నది. ఆ బొమ్మ గాలిలో ఎలా వచ్చిందని ఇంజనీరైన మనుమణ్ణి విసిగించి తెలుసుకున్నాను.

ఈ హాలులో నేను గబగబా మాట్లాడితే, గోడలకు తగిలిన ప్రతిధ్వని తరువాతి మాట మీద పడి మీకేమీ అర్థం కాదు. రేడియో తరంగాలకూ అదే చిక్కు. టవరు నుండి ఒకటి నేరుగా వస్తే, మేడలకు తగిలినవి ఆలస్యంగా వస్తాయి. ఒకే తరంగం మీద అతివేగంగా అంకెలు పంపితే అన్నీ కలగాపులగమవుతాయి.

దీనికి విరుగుడు మన ఆఫీసులో ఉన్నదే. శాసనసభ ప్రశ్నకు సాయంత్రంలోగా నూరు పేజీల జవాబు కావాలంటే ఒక్క గుమాస్తాను పరుగెత్తించం కదా! సెక్షనంతటికీ పంచుతాం. ఎవరి పేజీ వారు నిదానంగా, స్పష్టంగా రాస్తారు. బహుళ తరంగాల పద్ధతి అదే. 4జీలో టవరు నుండి ఫోనుకు వచ్చే 20 మెగాహెర్ట్జ్ దారిలో, 15 కిలోహెర్ట్జ్ ఎడంతో 1200 సన్నని తరంగాలు పని పంచుకుంటాయి. ఒక్కొక్క గుర్తు సెకనులో పదిహేను వేలవ వంతు నిలుస్తుంది. దాని తోక ముక్కనే ముందు కూడా అతికిస్తారు. ప్రతిధ్వనులు ఆ ముక్కలోనే అణగిపోతాయి.

పక్కపక్కనున్న తరంగాలు కలిసిపోవా అంటే, ఒకదాన్ని కొలిచేచోట మిగతావన్నీ సున్నా అయ్యేలా ఎడం లెక్కగట్టారు. అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌కు చెందిన రాబర్ట్ చాంగ్ 1966లో ఈ సూత్రం ప్రచురించారు. 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ అనేవారు, తరంగానికొక పరికరం అక్కరలేకుండా గణితంతోనే పని జరిగే దారి చూపారు. చిప్‌లు చౌకయ్యాక అది మన ఇళ్లకు చేరింది. పాత టెలిఫోను తీగ మీద వచ్చిన బ్రాడ్‌బ్యాండుకూ ఇదే ఆధారం.

దారిలో కొన్ని తరంగాలు నీరసించినా, ముందే చేర్చిన అదనపు అంకెలతో లోపం సరిచేస్తారు. ఒకరు సెలవు పెడితే సెక్షను ఆగదు కదా! అయితే సిగ్నలు బలంగా ఉంటే ఆరేసి అంకెలు మోసే తరంగం, బలహీనపడితే రెండే మోస్తుంది. బొమ్మ ఆగేది అందుకే. అప్పుడు కంగారుపడక కిటికీ దగ్గరకు వెళ్లండి. ఆనాడు నాకది తెలియదు.