ఎవరో చదివి వదిలిన పుస్తకం

అప్పోసప్పో చేసి పిల్లల్ని చదివించి ఈ రోజు వెనక వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు, నల్ల గౌన్లలో చెమటలు కక్కుతున్న పట్టభద్రులకు నమస్కారం.

స్నాతకోత్సవానికి పిలిస్తే విజయం గురించి మాట్లాడాలని ఒక ఆనవాయితీ. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని, ఆ విషయంలో నాకు పెద్ద అధికారం లేదు. అందుకని పాత పుస్తకాల గురించి నాలుగు మాటలు చెబుతాను.

మీరు అడుగు పెడుతున్న కాలం నిలకడగా లేదు. మీలో చాలామంది 2020లో టెన్త్ చదివారు. ఆ ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. పరీక్ష రాయకుండా గట్టెక్కిన బ్యాచ్ అని బంధువులు ఇప్పటికీ దెప్పుతుంటారేమో. రేపేమిటో తెలియకుండా నెలల తరబడి నాలుగు గోడల మధ్య కూర్చోవడం కూడా పరీక్షేనని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పుడు చూస్తే, ఆఫర్ లెటర్ వచ్చి జాయినింగ్ డేట్ రానివాళ్లు, సీటు వచ్చి వీసా రానివాళ్లు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. ఇలాంటప్పుడు ధైర్యం చెప్పే పుస్తకాలు బోలెడు అమ్ముడుపోతాయి, అట్ట మీద కోటు వేసుకున్న మనిషి బొమ్మతో సహా. అవి చదవొద్దని అనను. నాకు మాత్రం కష్టకాలంలో ఆసరా ఇచ్చినవి కొత్త పుస్తకాలు కావు. ఎవరో చదివి, గీతలు గీసి, వదిలేసినవి.

హైదరాబాద్‌లో అశోక్‌నగర్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల ఇరుకు గదుల్లో ఉంటూ, పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకుని సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే వేలమంది లోకం అది. తెలంగాణలో 503 పోస్టుల గ్రూప్-1కి 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకైందని రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు. దాన్ని హైకోర్టు రద్దు చేసింది. చివరికి 2024లో ఆ నోటిఫికేషన్నే వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చారు. ఆ రోజుల్లో చేతులు మారిన పాలిటీ పుస్తకమో, ఉద్యమ చరిత్రో ఒకటి దొరికితే తిరగేసి చూడండి. మొదటి అధ్యాయాల్లో స్కేలు పెట్టి గీసిన గీతలు, రెండు రంగుల సిరా. సగానికి వచ్చేసరికి స్కేలు పోతుంది. ఇంకొంచెం ముందుకు వెళితే పెన్నే పోతుంది. తర్వాత హఠాత్తుగా వేరే చేతిరాత మొదలవుతుంది, మొదటివాడు ఆపిన చోటు నుంచి.

పుస్తకం అమ్ముకున్నవాడికి ఉద్యోగం వచ్చిందా, లేక ఊరి బస్సెక్కుతూ దారి ఖర్చులకు అమ్ముకున్నాడా? పుస్తకం చెప్పదు. చెప్పకపోవడమే దాని మర్యాద అనుకుంటాను. అది మీకు వట్టి హామీ ఇవ్వదు. ఈ పేజీ దగ్గర విసుగొచ్చిన మొదటి మనిషివి నువ్వు కాదని మాత్రం చూపిస్తుంది. అర్ధరాత్రి ఆ మాత్రం చాలు, ఇంకో పేజీ తిప్పడానికి.

పాత పుస్తకాల షాపుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అచ్చయిన పుస్తకాలు కూడా కావు. ఒకప్పుడు మన ఇళ్లలో ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం జాగ్రత్తగా విప్పి దాచేవారు. నవల పూర్తయ్యాక బైండు చేయించేవారు. వీపు మీద నవల పేరు, కింద ఇంటి యజమాని పొడి అక్షరాలు. లోపల బాపు బొమ్మ ఉంటుంది, పుస్తకంగా వచ్చినప్పుడు తీసేసినది. కాగితం వెనక వైపు తలనూనె ప్రకటన సగం, వార ఫలాలు సగం. ఎక్కడో ఒక వారం ఉండదు. పక్కింటివాళ్లు తీసుకెళ్లి ఇవ్వలేదో, ఆ వారం ఇంట్లో పత్రిక కొనే పరిస్థితి లేదో! ఆ ఖాళీ దగ్గర ఎవరో పెన్సిల్‌తో నాలుగు వాక్యాల్లో కథ రాసి అతికించిన పుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఆ నవల రాసినావిడ కంటే ఈ నాలుగు వాక్యాలు రాసినావిడ గురించే (చేతిరాత చూసి ఆవిడే అనుకుంటున్నాను) నేను ఎక్కువ ఆలోచించాను.

అద్దె పుస్తకాల షాపుల ముద్రలున్న నవలలు ఇంకో జాతి. మీకు ఆ షాపులు తెలియవు. మీ అమ్మగార్లను అడగండి, ఒక్కరోజు అద్దెకు తెచ్చుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఎన్ని నవలలు ముగించారో చెబుతారు.

ఇప్పుడు కాస్త పెద్ద అనిశ్చితి గురించి. ఒక దేశమే పోయిన సంగతి. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, ఆ తర్వాత 1982లో దాన్నుంచి విడివడ్డ రాదుగ, మన భాషలో పుస్తకాలు అచ్చు వేసి పంపేవి. గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్, ఐత్‌మాతోవ్ తెలుగులో, గట్టి అట్టతో, కొద్ది రూపాయలకే విశాలాంధ్ర షాపుల్లో దొరికేవారు. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివారు మాస్కోలోనే ఉండి అనువాదాలు చేశారు. మంచు కురిసే ఊళ్లో కూర్చుని ఏటిగట్టు తెలుగు రాయడమంటే ఎలా ఉండేదో! 1991 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. పుస్తకాలు రావడం ఆగిపోయింది. కాని అప్పటికే వచ్చినవి ఎక్కడికి పోతాయి? విజయవాడ లెనిన్ సెంటర్లో, హైదరాబాద్ కోఠీలో, ఆదివారం పూట ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద తేలాయి. రాజకీయాలు గిట్టనివాళ్లు కూడా ఆ పిల్లల పుస్తకాల కోసం బేరాలాడటం చూశాను. అచ్చువేసిన దేశం మ్యాపులో లేదు, ఉక్రెయిన్ జానపద కథ మాత్రం తెలుగులో పదిలంగా ఉంది. ప్రభుత్వాలు, కంపెనీలు, పరీక్షా బోర్డులు మన జీవితాల్ని నిర్ణయిస్తాయనుకుంటాం, చాలావరకు నిర్ణయిస్తాయి కూడా. కాని వాటి ఆయుష్షు ఒక చవక పుస్తకం ఆయుష్షు కంటే తక్కువ కావచ్చునని ఆ ఫుట్‌పాత్ మీదే నాకు తెలిసింది.

పుస్తకాలు మాత్రం చిరంజీవులా అంటే అదీ కాదు. తెలుగు పుస్తకానికి మద్రాసు రాజధానిగా ఉన్న రోజుల నుంచీ అక్కడి మూర్ మార్కెట్ పాత పుస్తకాలకు పేరుబడ్డది. 1985లో తగలబడింది. మిగిలిన వ్యాపారులు పక్కనే అల్లికుళం దగ్గర మళ్లీ దుకాణాలు పెట్టుకున్నారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ కూడా బోసిపోయింది. ఆదివారం అమ్మితేనే సోమవారం పొయ్యి వెలిగేవాళ్లకు అది ఎంత దెబ్బో నేను వర్ణించనక్కర్లేదు. మనం ఓదార్పు కోసం వెళ్లే చోటే అవతలివాడికి కూలి దొరికే చోటు. అందుకే బేరం ఆడండిగాని, మరీ గీచి గీచి ఆడకండి.

పాతదల్లా గొప్పదని నేను అనడం లేదు. మందుల మోతాదులు, పన్నుల చట్టాలు, మీ ప్రోగ్రామింగ్ పుస్తకాలు పాతవి కొనకండి, మునుగుతారు. ఫుట్‌పాత్ మీద మెరిసే అట్టతో, లోపల వెలిసిపోయిన అక్షరాలతో సగం ధరకు దొరికే కొత్త నవలలు సెకండ్ హ్యాండ్ కావు, దొంగ ముద్రణలు. వాటివల్ల రచయితకు పైసా రాదు. పాత పుస్తకం కొన్నా రచయితకు రాదు కదా అని మీలో తెలివైనవాళ్లు అడుగుతారు. రాదు, నిజమే. కాని ఒకసారి అతని కూలి అతనికి ముట్టింది. పైగా పాత పుస్తకంతో ఒక రచయితను ఇష్టపడ్డవాడు తర్వాతది కొత్తది కొంటాడు. నా బీరువాలే సాక్ష్యం.

ఉద్యోగం లేనప్పుడు పుస్తకం అన్నం పెట్టదు. ఆ మాట తల్లిదండ్రుల తరఫున నేనే ఒప్పుకుంటున్నాను. ఉద్యోగం వెతుక్కోవడం మీకు ఎలాగూ తప్పదు. వెతుక్కునే రోజులు నడవాలి కదా, ఆ రోజుల కోసం చెబుతున్నాను.

ఇక ఒక్క విన్నపం చేసి కూర్చుంటాను, భోజనాల వేళ దాటుతోందని రిజిస్ట్రార్ గారు రెండుసార్లు గడియారం చూశారు. ఈ వారంలో మీరు హాస్టళ్లు ఖాళీ చేస్తారు. గేటు దగ్గర పాత పేపర్లవాడు కాటాతో సిద్ధంగా ఉంటాడు. పుస్తకాలు అతనికి తూకానికి వేయకండి. జూనియర్లకు ఇవ్వండి, లేదా కోఠీ దాకా మోసుకెళ్లండి, నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి. అమ్మే ముందు చాలామంది మొదటి పేజీ చింపేస్తారు, పేరు కనబడుతుందని. ఫోన్ నంబరు ఉంటే కొట్టేయండి, పేజీ ఉంచండి. మార్జిన్లలో రాసుకున్నవి చెరపకండి. మూడో యూనిట్ అర్థం కాక లెక్చరర్‌ని తిట్టుకుంటూ రాసిన మాటలు కూడా ఉండనివ్వండి. ఆ లెక్చరర్లు ఇక్కడే కూర్చున్నారు, వాళ్లు ఏమీ అనుకోరని నేను హామీ ఇస్తున్నాను.