అందరూ మొక్కే అమ్మ, అందరికీ దక్కని న్యాయం
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సవర, జాతాపు ఊళ్లలో కందికొత్త కాకముందు కొత్త కందులు వండుకోం. మామిడికొత్త కాకముందు మామిడిపండు కొరకం. దేవతకు పెట్టాకే ఊరంతా తింటుంది. ఎవరి చేను ముందు పండినా ఆగాల్సిందే. నాలుగెకరాలున్న ఇల్లూ, పోడుచెక్క మీద బతికే ఇల్లూ ఒకే రోజున కొత్త తింటాయి. ఊరికి కట్టు తెచ్చింది ఈ నమ్మకమే.

కొండకూ పల్లానికీ కూడా ఇలాంటి బంధం ఉంది. సంక్రాంతి దాటాక మక్కువ మండలం శంబరలో పోలమాంబ జాతర జరుగుతుంది. మనం కొండ దిగి వెళ్తాం. పల్లం నుంచి రైతులు, వర్తకులు వస్తారు. ఒడిశా నుంచీ వస్తారు. సిరిమాను కదిలే వేళ మొక్కే చేతుల్లో కొండవి ఏవో, పల్లానివి ఏవో ఎవరూ అడగరు.

మరి జాతర మర్నాడు సంతలో మన చింతపండు, కొండచీపుర్లు తూకం వేసేటప్పుడు ఆ సమానత్వం ఉంటోందా? కొండా పల్లమూ ఒకే అమ్మకు మొక్కే ఈ నేల మీదే, 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం సభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఒకే దేవత ఉన్నంత మాత్రాన భూమి దక్కలేదు, కూలి పెరగలేదు. వాటి కోసం సంఘం కట్టాల్సి వచ్చింది. ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు పోకుండా 1970లో 1/70 చట్టం రావాల్సి వచ్చింది.

ఇంకో మాట మనలో మనం చెప్పుకోవాలి. నమ్మకం మనల్ని విడదీస్తుంది కూడా. ఇంట్లో జ్వరం తగ్గకపోతే ఫలానా ముసలమ్మ చిల్లంగి పెట్టిందంటారు. మొన్న కొత్త పండగలో మన పక్కన కూర్చుని తిన్న మనిషే ఆమె. ఆ అనుమానంతో మన్యంలో ప్రాణాలు పోయాయి. ఆ జ్వరం మలేరియా కావచ్చు, ఆ నీరసం సికిల్ సెల్ కావచ్చు. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

అందుకే మిమ్మల్ని మూడు అడుగుతున్నాం. కొత్త పండగకు ఎక్కడ చదువుతున్నా ఊరికి రండి. సంతలో అమ్మానాన్నల పక్కన నిలబడి తూకం చూడండి. చిల్లంగి మాట వినబడిన రోజున ముందుగా ఆ ముసలమ్మ గుమ్మం దగ్గర కూర్చోండి, జబ్బుమనిషిని ఆసుపత్రికి పంపండి. పెద్దలు కోప్పడితే మేం మీ వెనుక ఉంటాం.

జోహార్.